తొమ్మిది నీలం చుక్కలు

ఒసాకాలో మా వీధి చివరే ఆ పరిశోధనశాల. వారానికి మూడు మధ్యాహ్నాలు వెళ్ళి కుర్చీలో కూర్చోవడం, రోబో తెచ్చే టీ పళ్ళెం అందుకోవడం, అదే నా పని. ముసలివాళ్ళ చేతికి రోబో వస్తువు ఎలా అందించాలో కురోసె అనే పిల్ల పరీక్షిస్తోంది. అవతలివాళ్ళు పట్టుకుని లాగితేనే రోబో వదలాలి. పళ్ళేనికి ఒక పలచని పొర అంటించారు. వేలు తగిలిన చోటల్లా గోడమీది తెరలో నీలం చుక్క వెలుగుతుంది. నేను రెండు చేతులా అందుకుంటాను కనక నావి పది చుక్కలు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నా వేళ్ళు అక్కడేదో రాస్తున్నట్టు ముచ్చటపడేదాన్ని.

మొదట్లో నాకంటే ముందు వంతు కుబోయామ తాతది. ఆయన ఎడమ చిటికెన వేలు ఎప్పుడో లేతు మిషన్లో పోయింది. మిగిలిన తొమ్మిదింటికీ పట్టు లేదు. ఎంత లాగినా రోబో వదిలేది కాదు.

"గట్టిగా లాగండి తాతా!" అని విసుక్కునేది కురోసె.

"లాగే ఓపికే ఉంటే ఇంట్లోనే కాచుకునేవాణ్ణి కదమ్మా. నీ పిసినారి రోబో పిల్ల నాకు టీ ఇవ్వదులే" అని నవ్వేవాడు. వెళ్తూ వెళ్తూ రోబో భుజం తట్టి, "రేపైనా ఇస్తావా?" అనేవాడు.

చలికాలంలో ఆయన పోయాడు. ఒక్క టీ కూడా తాగకుండానే.

ఆ తర్వాత కురోసె మెల్లగా లాగినా వదిలేలా మార్చింది. అప్పట్నించీ ఒకటే తంటా. నేను చెయ్యి చాపకముందే రోబో పళ్ళెం వదిలేస్తోంది. కప్పులు భళ్ళున పగులుతున్నాయి. మీటలు మార్చింది, తీగలు మార్చింది. అదే వరస.

"ముట్టుకున్నారా బామ్మగారూ?"

"ఎక్కడమ్మా, చెయ్యి చాపితే కదా!"

"మరి లాగినట్టు ఎందుకు చూపిస్తోంది? మీ తాతముత్తాతలొచ్చి లాగారా?" అని కాగితాలు విసిరికొట్టింది. తర్వాత తనే ఏరుకుంటూ ఏడ్చింది. శుక్రవారం పరీక్షకులొస్తారు. ఆ రోజు పళ్ళెం పడితే ఈ పరిశోధన ఆపేస్తారు, ఆ పిల్ల ఉద్యోగమూ పోతుంది.

శుక్రవారం కిటికీలోంచి మంచి ఎండ. పరీక్షకులు ముగ్గురూ నా వెనక కూర్చున్నారు. రోబో వచ్చింది. బార్లీ టీ వాసన. దాంతోపాటు ఇంకేదో వాసన... మిషను నూనె వాసన.

చేతులు చాపాను. ఇంకా జానెడు దూరం ఉంది.

రోబో వేళ్ళు విచ్చుకున్నాయి.

కళ్ళు మూసుకున్నాను. చప్పుడు లేదు. తెరిచి చూస్తే... పళ్ళెం గాలిలో ఉంది. వణుకుతోంది, ముసలి చేతుల్లో వణికినట్టు. తర్వాత మెల్లగా దిగి నా ఒళ్ళో వాలింది.

వెనక చప్పట్లు. వాళ్ళకి నా వీపే కనిపించింది.

కురోసె చప్పట్లు కొట్టలేదు. తెర వైపే చూస్తోంది. నేనూ చూశాను. తొమ్మిది చుక్కలు. ఎడమ చివర ఖాళీ.

కప్పులో టీ సగమే ఉంది. ఒలికిన తడి ఎక్కడా లేదు.

పరీక్షకులు మెచ్చుకుని వెళ్ళిపోయారు. కురోసె గుసగుసగా అడిగింది. "మీరే పట్టుకున్నారు కదా బామ్మగారూ? అవునని చెప్పండి... కాగితంలో అదే రాయాలి."

"తాగాడమ్మా" అన్నాను. "పోనీలే. తాగాడు."

"అలా అనకండి! ఆర్నెల్ల కష్టం నాది. పొర పాడైంది, అంతే." కోపంగా కొత్త పొర తెచ్చి అంటించింది. "ఇప్పుడు పట్టుకోండి."

రెండు చేతులా పట్టుకున్నాను. పది వేళ్ళూ.

తొమ్మిది చుక్కలు.

ఎడమ చిటికెన వేలు గట్టిగా నొక్కాను. వెలగలేదు. నొక్కినట్టు నాకూ తెలియలేదు. పక్క వేలికి తగిలితే చల్లగా ఉంది.

"ఇటివ్వండి. పట్టుకోవడం కూడా రాదు మీకు" అంటూ కురోసె పళ్ళెం లాక్కుంది. తన వేళ్ళు ఒక్కొక్కటే గట్టిగా ఆనించింది. తెరమీది చుక్కలు లెక్కపెట్టింది. మళ్ళీ మొదట్నించీ లెక్కపెట్టింది.

తర్వాత తన ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి, చిటికెన వేలు నోట్లో పెట్టుకుని కొరికింది.

"బామ్మగారూ..." అంది. "నొప్పి లేదు."