బిగబట్టిన చెయ్యి

పొద్దున ఆరింటికే నగ్మా స్నానాల గదిలో తలుపు వేసుకుని, బకెట్టులో వేడినీళ్ళు పోసుకుని, రెండు చేతులూ మణికట్ల దాకా ముంచి కూర్చుంది. స్నానం కోసం కాదు, వేళ్ళు మడత పడడం కోసం. అరగంట నానితే గానీ అవి టీ గ్లాసు పట్టుకునే స్థితికి రావు. ఎదురుగా గోడ మీద బల్లి ఒకటి కదలకుండా ఉంటే, ఈమె దాన్ని అంతే కదలకుండా చూస్తోంది.

"ఏంటే, మునిగావా, నిద్రపోయావా?" అత్తగారు గౌస్ బీ తలుపు దబదబా బాదింది. "బాపట్ల బండి నీకోసం ఆగదు. అక్కడ పెళ్ళికూతురూ, ముత్తైదువలూ గాజుల కోసం కాచుక్కూర్చుంటారు!"

"వస్తున్నానమ్మీ," అంది నగ్మా. ఆ మాట దానంతటదే వచ్చింది. ఈ మధ్య ఆమె మాటలన్నీ అలాగే వస్తున్నాయి.

రెండు నెలల కిందట గుంటూరు డాక్టరు రక్తపరీక్షలు చూసి కీళ్ళవాతం అని తేల్చాడు. ముసలివాళ్ళకొచ్చే అరుగుదల కాదట, ఒంటిని కాపలా కాయాల్సిన శక్తే కీళ్ళమీద తిరగబడే రోగమట. నగ్మాకి ఇరవై ఆరేళ్ళు. వారానికొకసారి వేసుకునే మాత్రలు రాశాడు. అవి ఒంటికి పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుందనీ, ఈలోపు నొప్పులు ఒక్కసారిగా ఎగదన్నే రోజులుంటాయనీ చెప్పాడు. ఆయన చెప్పినవాటిలో అన్నిటికన్నా ముందు నిజమైంది ఆ ఎగదన్నే రోజులే.

ఆ కాగితాలు చూసి మొగుడు అయాజ్ అన్నమాట ఒక్కటే. "అమ్మకి చెప్పొద్దు. చెబితే తెనాలిలో గుమ్మం గుమ్మానికీ చెప్పినట్టే."

అది అబద్ధమూ కాదు. గౌస్ బీ బుట్టలో గాజులెన్ని ఉంటాయో నోట్లో కబుర్లూ అన్నే ఉంటాయి. ఎవరింట్లో కోడలు అలిగింది, ఎవరింట్లో సంబంధం తప్పింది, అన్నీ గాజుల జతతోపాటు ఉచితంగా ఇచ్చేస్తుంది. మనసులో కల్మషం లేదు పాపం, నోటికి తాళం లేదు.

మొదటి రెండు వారాలూ నగ్మా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత ఏడుపు మానేసింది, నొప్పి మాత్రం మానలేదు. ఇప్పుడు ఎవరు తిట్టినా, ఎవరు నవ్వినా, పక్కింట్లో మోగే టీవీలాగా వినిపిస్తుంది.

గౌస్ బీ లెక్క వేరు. పెళ్ళైన కొత్తలో కోడలి చేతివాటం చూసి మురిసిపోయింది. గాజు తొడిగితే అవతలి మనిషికి చీమ పాకినట్టు కూడా ఉండేది కాదు. 'నా తర్వాత ఈ బుట్ట దీనిదే' అని పదిమందికీ చెప్పుకుంది. అలాంటి పిల్ల రెండు నెలలుగా పొద్దున బుట్ట పట్టమంటే తప్పుకుంటోంది. సాయంత్రమయ్యేసరికి మాత్రం చపాతీలు వత్తుతోంది. పొద్దున లేని చేతులు సాయంత్రం ఎక్కణ్ణుంచి వస్తాయి? డిగ్రీ చదివింది కదా, గుమ్మాల ముందు కూర్చుని గాజులు తొడగడం నామోషీగా ఉండి ఉంటుందని ఆవిడ తేల్చేసుకుంది.

ఆ మాటే రైల్లో, నిడుబ్రోలు దాటాక, పైకి అనేసింది.

"నా ఒళ్ళూ సహకరించడం లేదు నగ్మా. ఈ మోకాళ్ళతో ఎన్నాళ్ళు తిరుగుతాను? ఇవాళ పెళ్ళికూతురికి నువ్వే తొడగాలి. కుదరదంటావా, నామోషీ అంటావా, ఇప్పుడే చెప్పు. రేపల్లెకి ఫోన్ చేసి మీ నాన్నని రమ్మంటాను. హాయిగా పుట్టింట్లో కూర్చుందువుగాని. మావాడికి మనసు విరిగితే విరిగింది."

నగ్మా కిటికీలోంచి చూస్తోంది. రేపల్లెలో నాన్న నబీ సాహెబ్ బియ్యం మిల్లులో మేస్త్రీ. ఇంకా పెళ్ళి కావలసిన చెల్లెలుంది. తను పెట్టె పట్టుకుని ఆ గుమ్మంలో దిగితే ఏమవుతుందో ఆలోచించాలనుకుంది. ఆలోచన రాలేదు. అయాజ్ మొహం మాత్రం ఒకసారి కళ్ళముందు మెదిలింది.

"నేనే తొడుగుతాను అమ్మీ," అంది.

బాపట్లలో పెళ్ళికూతురి తల్లి దుర్గాంబగారింటికి చేరేసరికి పది దాటింది. వసారాలో తుంగచాపలు పరిచారు. పెళ్ళికూతురు మాధవీలత నలుగు పెట్టించుకుని, పచ్చగా కూర్చుని ఉంది. నగ్మా వేళ్ళు కొద్దిగా వదులయ్యాయి. ముందు పెద్దవాళ్ళతో మొదలుపెట్టింది. ఇద్దరు, ముగ్గురు, నలుగురు. అయిదో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి బొటనవేలి మొదట్లో నిప్పు రాజుకుంది. అది మణికట్టుకి పాకింది. కాసేపటికి ఆ చెయ్యి తనదన్న జ్ఞానమే పోయింది.

"ఇక పెళ్ళికూతురికి వెయ్యమ్మా," అంది దుర్గాంబ.

నగ్మా మాధవీలత చెయ్యి అందుకుంది. నాలుగు వేళ్ళూ దగ్గరికి నొక్కిపెట్టి, ఎర్రగాజు ముందుకి నెట్టింది. పట్టు తప్పింది. టప్పుమని గాజు చిట్లి, పిల్ల ముంజేతి మీద సన్నటి నెత్తుటి గీత పడింది.



"అయ్యో, శుభమా అని..." ఎవరో గొణిగారు. దుర్గాంబ మొహం పాలిపోయింది.

గౌస్ బీ నలభై ఏళ్ళ అనుభవం ఊరికే పోలేదు. "దిష్టి తగిలిందమ్మా, గాజుతో పోయింది. అదృష్టవంతురాలు!" అంటూ చటుక్కున ముందుకొచ్చి, పసుపద్ది, క్షణంలో పిల్లకి రెండు చేతులా డజను డజను తొడిగేసింది. తర్వాత నగ్మా వైపు తిరిగింది. గాజు చిట్లితే తొడిగిన మనిషికి అదే రంగు గాజు వేశాకే మిగతావాళ్ళని ముట్టుకోవాలన్నది ఆవిడ అత్తగారి నాటి పద్ధతి.

"ఇలా పట్టు చెయ్యి."

పెళ్ళైనప్పుడు నగ్మాకి గాజులు తొడిగింది గౌస్ బీయే. టూ ఫోర్ సైజు వెన్నలా జారింది. ఇప్పుడు ఆ సైజు గాజే కణుపుల దగ్గర ఆగిపోయింది.

"వదులుగా పెట్టు. పదిమందిలో నాతో పంతమా?" పళ్ళ బిగువున అంటూ గట్టిగా నెట్టింది.

నగ్మా అరవలేదు. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. నుదుటి మీద మాత్రం చెమట బొట్లు పుట్టి, కనుబొమ్మల మీదకి జారాయి. కళ్ళు మాధవీలత తల వెనకున్న గోడని చూస్తున్నాయి.

గౌస్ బీ ఆగిపోయింది.

ఎన్ని వేల చేతులు పట్టుకుందో ఆవిడకే తెలియదు. నొప్పి లేనివాళ్ళే గాజు తగలకముందు అమ్మో అంటారు. నిజంగా బాధ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబడతారు. ఇది ఆవిడకి పదేళ్ళప్పుడే తెలుసు. మెల్లగా బొటనవేలితో కోడలి కణుపు తడిమింది. పెనంలా కాలుతోంది. పక్క కణుపు, ఆ పక్కది, మణికట్టు, అన్నీ అలాగే ఉన్నాయి. ఇది బిగబట్టిన చెయ్యి కాదు, బిగుసుకుపోయిన చెయ్యి.

"ఎన్నాళ్ళైంది?" గొంతు తగ్గించి అడిగింది.

"రెండు నెలలు దాటింది."

"ఎవరికి తెలుసు?"

"ఆయనకి."

గౌస్ బీ గాజుని వెనక్కి తీసి బుట్టలో వేసింది. "మాకు పద్ధతి తీరిపోయిందమ్మా," అని అందరికీ చెప్పి, మిగిలిన పదిమందికీ తనే తొడిగింది. ఒక్క కబురు చెప్పలేదు. దుర్గాంబ రెండుసార్లు పలకరించినా ఊ అని ఊరుకుంది.

స్టేషన్‌కి వచ్చాక కొడుక్కి ఫోన్ చేసింది. ప్లాట్‌ఫారం మీద సగం మంది తిరిగి చూశారు.

"ఏరా, నీ పెళ్ళానికి చేతులు కాలిపోతుంటే నాకెందుకు చెప్పలేదురా?"

"అమ్మీ, అది... నీకు చెబితే ఊరంతా..."

"ఊరికి తెలిస్తే ఏంటిరా? దొంగతనం చేసిందా? నా నోటికి భయపడి దాన్ని ఇన్నాళ్ళు నాచేత తిట్టించావు కదరా! పొద్దున దాన్ని పుట్టింటికి పంపేస్తానన్నాను. తెలుసా నీకు?"

అవతల అయాజ్ ఏమన్నాడో గానీ, గౌస్ బీ మాట తడబడింది. ఫోన్ పెట్టేసి సిమెంటు బల్ల మీద కూలబడింది. తన చేతులవైపు చూసుకుంది.

"నేనంత గట్టిగా నెడుతుంటే అరవచ్చు కదే?"

"అరిస్తే నాటకం అంటారనుకున్నాను."

 "అవును. అనేదాన్నే," అంది గౌస్ బీ.

నగ్మా ఆ మాట విన్నది. తనకి సంతోషం కలగాలి కదా అనుకుంది. ఏమీ కలగలేదు. డాక్టరు పేరేంటి, మందు ఎప్పుడు వేసుకోవాలి, పొద్దున్నే ఎందుకు ఎక్కువ, అని అత్తగారు అడుగుతుంటే ఒక్కోదానికీ ముక్తసరిగా చెప్పింది. రాత్రంతా కదలక కీళ్ళు పట్టేస్తాయనీ, మెలకువ వచ్చాక మెల్లమెల్లగా వదులవుతాయనీ చెప్పింది. "అదా సంగతి," అంది గౌస్ బీ. మళ్ళీ తనే, "అదా సంగతి," అంది.

బండి వచ్చింది. జనం తలుపుల మీద పడ్డారు. ఆగేది రెండు నిమిషాలే. నగ్మా మెట్టు దగ్గరకు వెళ్ళి కడ్డీ పట్టుకోబోయింది. వేళ్ళు చుట్టుకోలేదు. మోచెయ్యి మడిచి ఎలాగో వేలాడి ఎక్కడం అలవాటే. ఇవాళ అదీ చేతకాలేదు. వెనక ఎవరో "ఎక్కమ్మా, ఎక్కు!" అని తోస్తున్నారు.

"అమ్మీ," అంది నగ్మా. "నా వల్ల కావడం లేదు. నన్ను ఎక్కించండి."

గౌస్ బీ గాజుల బుట్టని ప్లాట్‌ఫారం మీద, ఆ కాళ్ళ మధ్యే, దించేసింది. రెండు చేతులూ కోడలి నడుం చుట్టూ వేసి, నొప్పి మోకాలు మెట్టుకి ఆనించి, ఒక్క ఊపున పైకెత్తింది.

"బుట్ట! అమ్మీ, గాజులు!"

"పోతే పోనీ. ముందు నువ్వెక్కు."

కింద ఎవరి కాలో తగిలి గాజులు గలగలమని చిట్లాయి. ఎవరో పుణ్యాత్ముడు మిగిలినదాన్ని ఎత్తి లోపలికి అందించాడు. కోడలి వెనకే ఆవిడా ఎక్కేసరికి బండి కదిలింది. గౌస్ బీ బుట్ట వైపు చూడలేదు. ఎదురు సీటు పిల్లవాణ్ణి లేపి కోడల్ని కూర్చోబెట్టి, ఆ వాచిన చేతులు రెండూ తన ఒళ్ళోకి తీసుకుని, పట్టుకోకుండా, ఊరికే అరచేతుల మీద ఉంచుకుంది.

నగ్మాకి ఏడుపొచ్చింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. కంపార్ట్‌మెంట్ అంతా చూస్తుండగా అత్తగారి భుజంలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నొప్పిగా ఉందమ్మీ," అంది. "చాలా నొప్పిగా ఉంది."

"ఉంటుంది తల్లీ," అంది గౌస్ బీ. ఆవిడ కళ్ళూ వర్షిస్తున్నాయి. "చెప్పు. వింటున్నాను."