లాండ్రీ రూమ్ క్యాసెట్

ఆ శనివారం ఆ ఫ్లాట్‌లో ఉన్నది నలుగురు. షిప్పింగ్ కంపెనీలో మేనేజరుగా పనిచేసే మురళి. ఆయన భార్య శ్రీసుధ. పన్నెండో తరగతి చదివే కూతురు అక్షయ. బాల్కనీ పక్క గదిలో అద్దెకుండే నర్సు జ్ఞానకుమారి. మధ్యాహ్నానికల్లా మురళి అలమారాలోంచి పాత క్యాసెట్ ఒకటి మాయమైంది. పొద్దుగూకేలోగా దొంగ జ్ఞానకుమారేనని శ్రీసుధ తేల్చేసింది.

మర్నాడు ఉదయం ఈ సంగతంతా సోనీ చెవిన పడింది. అరబ్బు దేశంలో, అల్ కుసైస్ పేటలో సీతాదేవి నడిపే చిన్న డిటెక్టివ్ ఆఫీసులో సోనీ సహాయకురాలు. ఎదుటి కుర్చీ అంచున కూర్చున్న జ్ఞానకుమారి, ఇచ్చిన నీళ్ళు తాగకుండా గ్లాసు పట్టుకునే ఉంది.

"రేపు పోలీసులకి చెబుతానంటున్నారండి ఆ అమ్మగారు. కేసంటూ పడితే నా ఉద్యోగం ఖలాస్. వీసా కూడా పోద్ది."

"మిగతా ముగ్గుర్నీ వదిలి మీ మీదే ఎందుకమ్మా అనుమానం?"

"ఆ క్యాసెట్ మీద బైబిలు ప్రసంగం అని అచ్చేసి ఉందంటండి. ఆ ఇంట్లో చర్చికెళ్ళేది నేనొక్కదాన్నే కదండీ."

సీతాదేవి కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. "యల్లా సోనీ, పద." ఆవిడ అలా లేచిందంటే సోనీకి కొండంత ధైర్యం.

జూలై ఎండ. కారు దిగి లిఫ్టు చేరేలోపే సోనీ చున్నీ తడిసిపోయింది. ఫ్లాట్‌లో తలుపు తీసిన శ్రీసుధ, వెనకున్న జ్ఞానకుమారిని చూసి మొహం చిట్లించింది.

"బైబిలు ప్రసంగం ఉన్న క్యాసెట్ అంత విలువైందా?" సోఫాలో కూర్చుంటూ సీతాదేవి అడిగింది.

"దాంట్ల ప్రసంగం లేదు మేడమ్," అన్నాడు మురళి. నెమ్మదిగా మొదలుపెట్టాడు గానీ చెబుతున్నకొద్దీ ఆయన మొహం వెలిగింది. "ఎనభై ఆరుల నేను అమెరికాల చదువుతున్న. పెద్ద కంపెనీలు మా అసొంటోళ్ళ పాటలు ఎందుకు తీస్తయ్? మేమే రికార్డు చేసుకునేది. కవర్లు జిరాక్స్ తీసి, పాటలు అయినంక తలుపు కాడ నిలబడి అమ్ముకునేది. కాలేజీ రేడియోల మా అసొంటోళ్ళయి వేసేటోళ్ళు. ఖాళీ క్యాసెట్ కొననీకె పైసల్లేవు. చర్చోళ్ళు ఊరికే పంచిన ప్రసంగాల క్యాసెట్లు తెచ్చి, మళ్ళ రికార్డు అయ్యేటందుకు వాటి పైనుండే రెండు బొక్కలకు టేపు అతికించి వాటి మీదనే పాడేది. హాస్టల్ కింద బట్టలుతికే గదిల వాయించేటోళ్ళం. అందుకే మా గ్రూపు పేరు లాండ్రీ రూమ్."

"ఎవరెవరు వాయించేవారు?"

"రాన్ గిటార్ పట్టి పాడేటోడు. నేను డ్రమ్స్. బిడ్డ పుట్టకముందే రాన్ పోయిండు. అప్పటి పాటలన్నీ మళ్ళ బయటికొస్తున్నయ్ గదా, అని రాన్ బిడ్డ ఎమిలీ నన్ను వెతికి పట్టుకుంది. ఆమె తండ్రి గొంతు ఎన్నడూ వినలే. ఈ పొద్దు సాయంత్రం ఫోన్ల వినిపిస్తనన్న."

"తెలుగు సంఘంల సన్మానం గూడ చేసిండ్రు మా ఆయనకు," అంది శ్రీసుధ. "అమెరికాల డ్రమ్స్ కొట్టిన మొదటి ఓరుగల్లు పిల్లగాడని."

"డాడీ ఇప్పుడు టేబుల్ మీద దరువేస్తే మాత్రం ప్రతిసారీ తప్పే," అక్షయ కిసుక్కున నవ్వింది. "ఆ క్యాసెట్ మమ్మల్ని ఒక్కసారి కూడా విననీయలేదు. టేపు తెగుతదట."

మురళి నవ్వలేదు.

సీతాదేవి గోడ పక్కనున్న టేప్‌రికార్డర్ దగ్గరికి వెళ్ళింది. పక్కనే హెడ్‌ఫోన్లు. కింద చెత్తబుట్టలో చిన్న స్పిరిట్ గుడ్డలు, ఇంజెక్షన్‌కి ముందు చర్మం తుడిచేవి, మూడు పడి ఉన్నాయి. వాటి మీద గోధుమరంగు మరకలు.

"ఇవిగో, ఆసుపత్రియి!" శ్రీసుధ గొంతు పెంచింది. "ఈమెయి కాకుంటే ఎవరియి? మా ఫ్రెండ్స్ అందరికీ ఫోన్ చేసి చెప్పిన. వాళ్ళు గూడ ఈమెనే అన్నరు."

"సార్‌కి షుగరు కదండీ," జ్ఞానకుమారి గొంతు వణికింది. "రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు. అందుకని ఈ గుడ్డలు నేనే తెచ్చి ఇస్తుంటాను."

"ఇల్లంతా వెతికారా?" సీతాదేవి శ్రీసుధ వైపు తిరిగింది.

"ఒక్క మూల గూడ ఇడువలే. ఈమె సూట్‌కేసు గూడ ఇప్పి చూసిన."

"ఫ్రిజ్‌లో మీ ఆయన ఇన్సులిన్ డబ్బా?"

"అది మేమెవ్వరం ముట్టం. చల్లదనం పోతదని ఆయన మూత తియ్యనియ్యడు."

సోనీ మేడమ్ మొహంలోకి చూసింది. సీతాదేవి అందర్నీ హాల్లో కూర్చోమంది. తను మాత్రం నిలబడే ఉంది.

"పాత టేపు వేసే ముందు యంత్రం లోపల తుడవాలి. తుడిస్తే వచ్చే మురికే ఈ గోధుమరంగు. దొంగ ఎవరైనా క్యాసెట్ జేబులో వేసుకుని పోతాడు గానీ, యంత్రం తుడిచి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ కూర్చోడు. ఆ పని తెలిసినవారు, ఆ టేపంటే ప్రాణం పెట్టేవారు ఈ ఇంట్లో ఒక్కరే. అంత ప్రేమ ఉన్నవారు దాన్ని పారెయ్యలేరు. ఈ ఎండలో కార్లో పెడితే టేపు వంకర్లు పోతుంది. ఇంట్లో చల్లగా ఉండి, ఎవ్వరూ మూత తియ్యని చోటు మిగిలింది ఒక్కటే. సోనీ, తీసుకురా."

సోనీ వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్‌లోని డబ్బాలో ఇన్సులిన్ పెట్టెల కింద, ప్లాస్టిక్ కవరులో చుట్టిన క్యాసెట్ ఆమె వేళ్ళకు చల్లగా తగిలింది.

"మురళిగారూ," అంది సీతాదేవి, సోనీ తెచ్చిన క్యాసెట్ చూపిస్తూ. "మీకు దరువు తప్పుతుంది, ఇంట్లో ఎవర్నీ దీన్ని విననీయలేదు. ఇందులో డ్రమ్స్ లేవు. అవునా?"

మురళి క్యాసెట్ వైపు చూశాడు. "లేవు. రాన్ ఒక్కడే పాడిండు. నేను రికార్డు బటన్ నొక్కిన, అంతే. కవర్లు జిరాక్స్ తీసిన. ఈ పాట ఎమిలీ అందరికీ వినిపిస్తది. సన్మానం చేసినోళ్ళకు నా మొహమెట్ల చూపియ్యాలె?"

"మీరు బటన్ నొక్కకపోతే ఆ బిడ్డకు తండ్రి గొంతే లేదు. అది తక్కువేం కాదు. మీ క్యాసెట్ మీరు దాచుకోవడం మీ ఇష్టం. మీ కళ్ళెదుట సిస్టర్ సూట్‌కేసు విప్పుతుంటే మాట్లాడకుండా కూర్చున్నారు చూడండి, తప్పు అదీ."

మురళి లేచి జ్ఞానకుమారికి చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్ సిస్టర్." శ్రీసుధ నేల చూపులు చూస్తోంది. "పోలీసుల ఊసు ఇంకెత్తను," అంది గొణుగుతున్నట్టు.

"పోలీసులతో అయిపోదండి అమ్మగారూ." జ్ఞానకుమారి గొంతు ఇప్పుడు వణకలేదు. "నిన్న ఎవరెవరికి ఫోన్ చేశారో వాళ్ళందరికీ మళ్ళీ చెయ్యండి. నా ఎదురుగానే చెయ్యండి."

సీతాదేవి సంచి భుజాన వేసుకుని లిఫ్టు వైపు నడిచింది. సోనీకి మాత్రం కాలు కదల్లేదు. చెప్పులు తొడుక్కునే వంకతో గడప దగ్గరే ఆగింది. శ్రీసుధ ఫోన్ తీసి, ఎవరి పేరో వెతికి, నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. "హలో వదినా, నేనే... నిన్న చెప్పిన గదా, మా సిస్టర్ సంగతి..." అంటూ తలెత్తేసరికి గుమ్మంలో సోనీ కనబడింది. శ్రీసుధ మొహం ఎర్రబడింది. ఫోన్ చెవి దగ్గర్నుంచి దించకుండానే వచ్చి, సోనీ మొహం మీదే తలుపు వేసేసింది.