ముందు చక్రం పట్టుకునే మలుపు

దమ్మపేట నుంచి అశ్వారావుపేట వచ్చే తొవ్వల, పామాయిల్ తోటలు దాటినంక జిల్లేడువాగు మలుపు ఉంది. పొద్దుగూకితే ఆ తొవ్వన బండి మీద ఎవ్వరూ రారు. వస్తే... ముందు చక్రం పట్టుకుంటది. ఎవరంటే రాఘవమ్మ. ట్రాక్టర్ కింద పడి ఆడనే పాణం ఇడిచిన కూలిమనిషి. ఈ వానకాలంల ముగ్గురు పడ్డరు. ఒకడికి దవడ ఇరిగింది. ఒకడు ఇంకా దవాఖానలనే ఉన్నడు. మూడోది అరుణశ్రీ... మొగుని వెనక కూసొని వస్తూ, కల్వర్టు గోడకు తల పగిలి సచ్చిపోయింది.

నాకు దయ్యాల ముచ్చట్లంటే మంట. బతికున్నోళ్లతోనే ఏగలేక సస్తున్న. కానీ ఇది మా ఆయన మహబూబ్ అలీ నోట విన్నది. బండ్లు రిపేరు చేస్తడు. అబద్ధం ఆడడు — ఆడే తెలివి లేదు ఆయనకు.

ఆ దినం సామాన్లకని దమ్మపేట పోయిండు. ఆఖరి ఆటో తప్పిపోయింది. చీకటి పడంగ వీరేందర్ బండి ఆపిండు. అరుణశ్రీ మొగుడు. పామాయిల్ మిల్లుల పని. పెండ్లాం పోయి ఇరవై దినాలు.

"ఎక్కన్నా."

ఎక్కిండు. జర దూరం పోయినంక అడిగిండు. "ముందు బ్రేకు లీవర్ వెనక్కి వస్తలేదేందిరా? షాపుకు తేరాదా?"

"లీవర్ తప్పు గాదన్నా..." వాడు గుసగుసగ అన్నడు. "రాఘవమ్మ చెయ్యి."

అప్పుడు చూసిండట మా ఆయన. ట్యాంకు మీద గోనెసంచి. సంచిలకెళ్లి గొడ్డలి కామ కనబడుతుంది.

"గొడ్డలెందుకురా?"

"రూప్లి కోసం."

రూప్లి అంటే మలుపు కాడ గుడిసెల ఉండే ముసలమ్మ. మేకలు కాస్తది. రాఘవమ్మను లేపి బండ్ల మీదికి తోలేది ఆమెనే అని ఊరోళ్లు పుట్టించిన్రు. ముసల్ది, ఒంటిది, అడిగేటోళ్లు లేరు. ఇంకేం కావాలె ఊరికి! వాళ్ల నోళ్లు పడిపోను.

"తప్పురా వీరేందర్, బండి ఆపు" అన్నడు మా ఆయన. వాడు ఇంకా రేసు చేసిండు.

తోటలు అయిపోయినయి. దిగుడు మొదలైంది. ఆడ ఎవరైనా బ్రేకు పట్టే దిగాలె. వాడు పట్టిండు... వదిలిండు... మళ్ల పట్టిండు. మలుపు కాడికి రాంగనే —

కిర్రుమని ముందు చక్రం ఆగిపోయింది! ఎవరో రెండు చేతులతోని పట్టి గుంజినట్టే. మా ఆయన ఎగిరి కంకర మీద పడ్డడు. మోకాలి మీద తోలు లేచిపోయింది. వీరేందర్ నుదురు పగిలి కండ్లలకు రక్తం కారుతుంది. అయినా లేచి నవ్విండట. ఆ నవ్వు యాదికొస్తే మా ఆయనకు ఇప్పటికీ అన్నం సయించదు.

"చూసినవా అన్నా... మళ్ల పట్టింది!"

గొడ్డలి తీసుకొని ఉరికిండు. గుడిసె తడికను ఒక్క తన్ను తన్నిండు. ముసలమ్మను జుట్టు పట్టి తొవ్వ మీదికి ఈడ్చుకొచ్చిండు. మూతి మీద గుద్దిండు. పండ్లు రాలినయి.

"నేనేం జేసిన కొడుకా..." అన్నది గంతే.

కుంటుకుంట అడ్డం పోయిన మా ఆయనకు గొడ్డలి కామతోని డొక్కల పడ్డది. పోయి బండి పక్కన పడ్డడు. చేతికి బ్రేకు లీవర్ తగిలింది. దాని మీద ఎవ్వరి చెయ్యీ లేదు... అయినా లోపలికి నొక్కే ఉన్నది.

ఇంకొకరైతే కలిమా చదువుకుంట ఉరుకుదురు. మా ఆయనకు దయ్యం కన్నా రిపేరు ముందు! తన సామాన్ల సంచిలకెళ్లి పానా తీసి లీవర్ బోల్టు వదులు చేసిండు. లీవర్ ఊడొచ్చింది గాని చక్రం తిరగలే. అంటే పట్టింది లోపల. చక్రం కాడ, బ్రేకు నూనె బయటికి ఇడిచే చిన్న నిప్పుల్ తిప్పిండు.

చిర్రుమని ముఖం మీద చిమ్మింది. వెచ్చగ... ఎర్రగ.

చక్రం గిర్రున తిరిగింది.

ఫోన్ లైట్ల చూసిండు. రక్తం గాదు. వాసన చూసిండు. చెప్తే ఈ పిలగాడు బతకడు. చెప్పకపోతే ముసల్ది బతకది. గొడ్డలి పైకి లేచింది.

"వీరేందర్! బ్రేకు ఆయిల్ బదులు ఈ ఎర్ర పచ్చి పామాయిల్ ఎవడు పోసిండురా?"

గొడ్డలి ఆగింది.

"మిల్లోళ్లం అందరం గదే పోస్తం గదన్నా. ఊకెనే దొరుకుతది..."

"దానికి లోపలి రబ్బర్లు ఉబ్బుతయిరా! వేడెక్కితే బ్రేకు పట్టుడే, వదులుడు ఉండదు. దిగుడుల అందరూ పట్టేది ఈడనే." మా ఆయన గొంతు తగ్గించిండు. "నువ్వెప్పుడు పోసినవ్?"

వీరేందర్ ముసలమ్మ జుట్టు ఇడిచిండు.

"అరుణ పోయిన దినం పొద్దుగాల... మూత తనే పట్టుకుంది. నేను పోసిన."

పోయి కల్వర్టు గోడ మీద, ఆ నూనె పోసిన కుడిచెయ్యి పరిచిండు. ఎడమ చేత్తోని గొడ్డలి ఎత్తిండు. మా ఆయన లేద్దామంటే మోకాలు లేవలే.

ఒక్కటే దెబ్బ. రెండు వేళ్లు వాగుల పడ్డయి.

వాని దగ్గరికి పాక్కుంట పోయింది రూప్లినే. తలమీది గుడ్డ చింపి ఆ చేతికి బిగిచ్చి కట్టింది. ఆమె నోట్లకెళ్లి రక్తం కారుతనే ఉన్నదట.

"ఏం చూస్తున్నవ్ పోరగా?" అని మా ఆయనను తిట్టింది. "జల్దీ దవాఖానకు తీస్కపో... వీడు సస్తడు!"