ఎదురుపీట

పొద్దున్నుంచి సువర్చల పద్దులు కలుపుతూనే ఉంది. తెర మీద ఎడమన పాత పద్దు, కుడిన కొత్తది. రెండూ ఒకే మనిషివని షెడ్ల లెక్కలు చూసే కంప్యూటరు సమగ్ర అంటుంది, ఆమె ఓసారి చూసి సరేనంటుంది, కొత్తది పాతదాంట్లో కరిగిపోతుంది. చాలావరకు పేచీ లేనివే. జీడి షెడ్లన్నీ ఒకే యాజమాన్యం కిందికి వచ్చినప్పుడు కూలీ, ఇల్లు, తిండి, వైద్యం అన్నీ నడిచే ఆ పద్దు ఒక్కో మనిషికి రెండేసి చోట్ల మిగిలిపోయింది. మనిషికి రెండు పద్దులంటే సమగ్రకు అస్సలు గిట్టదు.

భోజనాల వేళకు ముందు సమగ్ర తీర్పు కోసం పంపే ఎర్ర జంట ఒకటి వచ్చింది. దాలమ్మ, నీలవేణి. ఇవి ఒక మనిషి పేర్లు కావని చంటిపిల్లకైనా తెలుస్తుంది. సమగ్రకు తెలియదు. ఇలాంటి జంటలు తేల్చే పొంతనకారి అయినందుకు సువర్చల ఇద్దరినీ పొంతన గదికి పిలిపించింది.

జీడిగింజలు కొట్టేవాళ్లకు వేలిముద్రలుండవు, డొల్లలోని జీడిరసం వాటిని తినేస్తుంది. ముఖాలు పోల్చడం చట్టం ఎప్పుడో మానిపించింది. అందుకే ఉద్దానంలో సమగ్ర మనుషుల్ని నడవడి ముద్రతో గుర్తుపడుతుంది. గింజ మీద దెబ్బ పడే తీరు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఆగే ఊపిరి. బాగానే ఉంది. కానీ దాన్ని తయారుచేసిన మహానుభావులకు ఎదురుపీట సంగతి ఎవరు చెప్పారు గనక! షెడ్డులోకి కొత్తగా వచ్చిన పిల్లను పాతమనిషికి ఎదురుగా పీట వేసి కూర్చోబెడతారు. ఆమె దెబ్బ ఈమె చేతిలోకి దిగేదాకా విడిపీట ఇవ్వరు. దిగిన రోజున షెడ్డంతా బెల్లం పంచుతారు. దాలమ్మ చెయ్యి నీలవేణిలోకి ఎంత బాగా దిగిందంటే, సమగ్ర ఇద్దరినీ ఒకే మనిషిగా లెక్కకట్టేసింది.

“ఏటమ్మా, ఇద్దరం నీ కళ్లకి కనబడతన్నాం కదా?” అంది దాలమ్మ లోపలికి వస్తూనే. జుట్టు నెరిసింది గానీ గొంతు మాత్రం గంటలా ఉంది.

“నాకు కనబడితే చాలదమ్మా, దానికి కనబడాలి. మీరిద్దరూ దాని ముందు గింజలు కొట్టాలి. దెబ్బ ఒకటే అని తేలితే కొత్త పద్దు పాతదాంట్లో కలిసిపోతుంది.”

కొత్త పద్దు నీలవేణిది. ఆమె మొహం మాడిపోయింది. “మా ఆయనికి రేపే డయాలిసిస్ మేడమ్. నా పద్దు మీదే పడక ఇత్తన్నారు. అది పోతే మనిషి ఉంటాడా?”

“మరి ఒకరి దెబ్బ ఆ ముద్రకి కుదరకపోతే ఏటవుద్ది?” అని దాలమ్మ అడిగింది.

“కుదరని మనిషి బయటి మనిషి కింద లెక్క. రెండు పద్దులూ కుదిరిన మనిషికే వెళ్తాయి.”

అయ్యో, ఆ ఒక్క మాట మింగేసి ఉంటే! సువర్చల తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో. అప్పుడు మాత్రం నిబంధన అడిగారు, నిబంధన చెప్పింది.

నీలవేణి ముందు కొట్టింది. దెబ్బకో గింజ విచ్చుకుంది, పప్పు విరగకుండా గుండుగా బయటపడింది. ముద్ర కుదిరిందని తెర పచ్చబడింది.

దాలమ్మ పీట మీద సర్దుకుని కూర్చుంది. కర్రసుత్తి ఎత్తింది. దించింది. గింజ నుజ్జయిపోయింది. రెండోదీ అంతే. పెళ్లిళ్ల పందిళ్లకు ఆమె కొట్టిన గుండుపప్పును వేరుగా అడిగి కొనేవాళ్లు, అలాంటి మనిషి ముందు ఇప్పుడు ముక్కలు, పిండి.

“అప్పా! అదేటి సేస్తన్నావు? సరిగ్గా కొట్టు!” అక్క వరసైన దాలమ్మ మీద నీలవేణి అరిచింది.

“ముసిలిదాన్నయిపోనాను కదే. సెయ్యి వొణుకుతంది.”

ఆ చెయ్యి వణకడం లేదు. సువర్చల చూస్తూనే ఉంది. తెర మీద రెండు పద్దులూ నీలవేణి పక్కకు జరిగాయి. దాలమ్మ పేరు ఉండాల్సిన చోట ‘ఎవరూ కాదు’ అని వచ్చింది. ఇక ఆమె ఇంటి తలుపు ఆమెకు తెరుచుకోదు, క్యాంటీనులో పళ్లెం రాదు, ఆసుపత్రి పలకదు.

“తెలిసే చేశారు మీరు,” అంది సువర్చల.

“నాకెవులున్నారమ్మా? దానికి మొగుడున్నాడు.” దాలమ్మ సుత్తి పక్కన పెట్టింది. “నువ్వు పోయి పనిసూసుకోయే నీలా. పొద్దెక్కిపోతంది.”

నీలవేణి కదల్లేదు. దాలమ్మే భుజం పట్టి గుమ్మందాకా నెట్టుకుంటూ వెళ్లి పంపించి వచ్చింది.

సమగ్ర చివరి ప్రశ్న వేసింది. ఈ వ్యక్తిని ఏ పద్దుకు చేర్చాలి? అది తంతు ప్రశ్న. పొంతనకారులంతా ‘దేనికీ వద్దు’ అనే జవాబు కళ్లు మూసుకుని నొక్కేస్తారు. సువర్చల వేలు అక్కడిదాకా వెళ్లి ఆగింది. ఒళ్లు మండిపోయింది ఆమెకు, సమగ్ర మీదో తన మీదో. జవాబు గడిలో తన పేరే టైపు చేసింది.

“అమ్మా, ఇందాకటిలాగే వంకరగా ఇంకో నాలుగు గింజలు కొట్టండి.”

దాలమ్మకు అర్థం కాలేదు గానీ కొట్టింది. సమగ్ర ఆ వంకర దెబ్బను సువర్చల ముద్రగా రాసుకుంది.

“ఇక నా పద్దు మీద మీ తలుపు తెరుచుకుంటుంది. తిండి, మందు అన్నీ. కానీ...” సువర్చల ఆమె చేతిలోని సుత్తి తీసుకుంది. “మీ అసలు దెబ్బ మాత్రం ఇక కొట్టకూడదు. కొడితే మళ్లీ మీరూ నీలవేణీ ఒకటైపోతారు.”

“ఎప్పుడూనా?”

“ఎప్పుడూ కూడదు.”

ఇంతలో తెర భగ్గున ఎర్రబడింది. ఒక పేరు కింద రెండు దెబ్బలు చూసి సమగ్ర కొత్త జంట కట్టింది: సువర్చల, సువర్చల. తీర్పు కోసం పొంతనకారికి పంపడమైంది. పొంతనకారి ఎవరు? సువర్చల. ఏ సువర్చల? జంట తేలాకే చెప్పగలనంది సమగ్ర. జంట తేల్చాలంటే పొంతనకారి కావాలంది. సువర్చల తెరను ముట్టుకోలేదు. వెనక వచ్చే జంటలన్నీ ఒకదాని మీద ఒకటి నిలిచిపోసాగాయి. షెడ్డు గేటు తెరుచుకోక అక్కడ ఎవరో గట్టిగా కేకలేస్తున్నారు.

గోడ అవతల నీలవేణి పనిలో కూర్చున్నట్టుంది. ఆ దెబ్బ వినబడింది. దెబ్బ, చిన్న ఊపిరి, దెబ్బ. దాలమ్మ కుడిచెయ్యి దానంతట అదే ఒళ్లోంచి లేచింది. ఆమె ఎడమచేత్తో దాన్ని పట్టుకుని మళ్లీ ఒళ్లో పెట్టుకుంది, వదల్లేదు.