పై వంటగది, కింది వంటగది

ఆ ఏడాది వసంతంలో వానలెక్కువ. అమెరికాలోని ఫాల్ రివర్‌ ఊళ్లో ఉప్పుచేపల కొట్టు నడిపే జిల్బెర్టో, ఇల్డాని మొదటిసారి చూసింది తన ఇంటి గుమ్మంలో, గొడుగు కింద. తలుపు తీశాడు, ఆమె నవ్వింది. అక్కడే అతని బేరం సగం చెడింది.

ఆమె వచ్చింది ప్రభుత్వం తరఫున. అతని తల్లి ఒలింపియాకి మతిమరుపు జబ్బు ముదిరింది. ప్రభుత్వ ఖర్చుతో మెమరీ కేర్ హోమ్‌లో చోటు దొరకాలంటే, ఆవిడ తన పనులు తాను చేసుకోలేదని ఒకరు చూసి రాయాలి.

అతిథి వస్తోందని వినగానే ఒలింపియా ముత్యాల పిన్ను పెట్టుకుంది. పై వంటగదిలో లేసు గుడ్డ పరిచి, తీపి రొట్టె కోసింది. ఆ వీధిలో పోర్చుగీసు వాళ్ల ఇళ్లకి రెండు వంటగదులు. వండుకు తినేది నేలమాళిగలో. పైనది వచ్చినవాళ్లు చూడ్డానికి.

“స్నానం మీరే చేస్తారా అమ్మా?” అడిగింది ఇల్డా.

“ఇంకెవరు చేయిస్తారు? మిల్లులో కోట్లు కుట్టి వీణ్ణి పెంచినదాన్ని.”

“మందులు?”

“నేనే వేసుకుంటా. వీడికీ నేనే వేస్తా.”

జిల్బెర్టో తల ఊపాడు. పరాయివాళ్ల ముందు తల్లిని తక్కువ చేసి మాట్లాడటం ఆ ఇళ్లలో లేదు.

చోటు రాలేదు.

ఆ శనివారం ఇల్డా చేపలకని కొట్టుకొచ్చింది.

“మీ సర్టిఫికెట్‌కి థాంక్స్ అండీ,” అన్నాడు అతను. “మా అమ్మకి ఏ లోటూ లేదట. నిన్న నా బూటు ఉడకబెట్టింది.”

“ఆ మాట ఆ రోజు చెప్పడానికి నోరు లేదా మీకు?”

“మీ అమ్మ అయితే ఆవిడ ముందే చెప్పేవారా?”

ఇల్డా చేతిలోని చేప తిరిగి బుట్టలో పెట్టింది. “చెప్పేదాన్ని కాదు. మా అమ్మమ్మ విషయంలో మేమూ ఇలాగే ఊరుకున్నాం. ఎత్తీ దించీ మా అమ్మ నడుం పోయింది. నది అవతల కొండమీద తోట ఉన్న హోమ్ చూశారా? నెలనెలా కట్టగలిగితే అక్కడ ఎవరూ ఏమీ అడగరు. మనం మాత్రం మన అమ్మలు ఎందుకూ పనికిరారని రుజువు చెయ్యాలి. మనవాళ్లేమో లేసు గుడ్డ పరిచి మరీ ఓడిపోతారు.”

జిల్బెర్టో ఆ మాట మనసులో తూచి చూశాడు. తూకం సరిగ్గానే ఉంది. మేలైన సరుకు ఎవరింటికి పోతుందో కొట్టువాడికి ఒకరు చెప్పక్కర్లేదు. కన్నతల్లి కూడా ఆ లెక్కలోకే వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

“అప్పీల్ చేయండి,” అంది ఆమె. “ఈసారి వచ్చేవాళ్లని వెనక తలుపునుంచి కింది వంటగదిలోకే తీసుకెళ్లండి. అక్కడ ఆవిడ ఆవిడలాగే ఉంటుంది.”

ఆ తర్వాత ఆమె ప్రతి శనివారం వచ్చింది. కొనేది ఒక్క ముక్క, కబుర్లు కొట్టు మూసేదాకా. అతని తండ్రి వేయించిన చెక్క బల్లకి మోచేతులానించి, ఇద్దరూ తమ తమ చిన్ననాటి వీధుల్ని తవ్వి పోసుకునేవారు. సాయంత్రం మిల్లు వదలగానే ఆడవాళ్లంతా దారం పీచులు దులుపుకుంటూ, నవ్వుకుంటూ దిగి రావడం. ఆ నవ్వుల్లో తన తల్లి నవ్వు ఏదో వీధి మలుపునుంచే అతను పట్టేసేవాడు.

“అప్పీల్ తేదీ వచ్చింది. మీరే వస్తారుగా?” అన్నాడు ఒక శనివారం.

“రాను. ఇంకో ఆయన వస్తాడు.”

“కోపమా?”

“మాకో రూల్ ఉంది. బాగా దగ్గరివాళ్ల కేసులు మేం చూడకూడదు.”

“మీరు నాకు చుట్టం కాదుగా.”

“కాదు.” ఆమె పొట్లం సంచిలో వేసుకుంది. “మరి ఆఫీసులో ఏం చెప్పి తప్పుకున్నానో మీరే ఆలోచించుకోండి.”

ఆమె వెళ్లాక వచ్చినావిడకి అతను చిల్లర రెండుసార్లు ఇచ్చాడు.

అప్పీల్ రోజున ఒలింపియా కింది వంటగదిలో చొక్కా తిరగేసి వేసుకుని కూర్చుంది. వచ్చినాయన స్నానం సంగతి అడిగాడు.

“నేనే చేస్తా,” అంది ఆవిడ.

జిల్బెర్టో ఈసారి తల ఊపలేదు. “లేదండీ. నేనే చేయిస్తాను. నీళ్లు చూస్తే ఏడుస్తుంది. రాత్రిళ్లు నేనెవరో కూడా తెలియదు.”

ఒలింపియా తల దించుకుని ఏప్రన్ అంచు మడతపెట్టసాగింది. అతని బతుకులో అంత ఖరీదైన మాట మరొకటి లేదు.

చోటు వచ్చింది. కొండమీద కాదు, హైవే పక్కన ఇటుక మేడలో. కిటికీలోంచి కార్లు తప్ప ఏమీ కనిపించవు. కానీ అక్కడి నర్సుకి పోర్చుగీసు వచ్చు.

ఒక ఆదివారం ఇల్డా కూడా వెంట వచ్చింది. జిల్బెర్టో తల్లి జుట్టు దువ్వుతుంటే, ఆవిడ ఇల్డాని దగ్గరికి పిలిచింది.

“ఈ అబ్బాయెవరో గానీ వారం వారం వస్తాడు. చెయ్యి మెత్తన. నీకు పెళ్లయిందా?”

“లేదండీ.”

“అయితే చూసుకో. కాస్త చేపల కంపు కొడతాడు. అంతకుమించి వంకేం లేదు.”

దువ్వెన ఆగిపోయింది.

“అతను అడగాలి కదమ్మా,” అంది ఇల్డా, అతని వైపు చూడకుండా.

ఒలింపియా విసుక్కుంది. “ఏం బాబూ, వినిపించలేదా? పిల్ల ఎంతసేపు నిలబడుతుంది?”

“ఇల్డా,” అన్నాడు అతను. “నువ్వు...”

“ఊఁ,” అంది ఇల్డా.

ఆమె అతని చెయ్యి అందుకుంది. అతని రెండో చెయ్యి ఒలింపియా పట్టుకుంది, అది ఎవరిదో తెలియకుండానే.