పదివేల అడుగుల కింద

మొదటిరోజే మారుతికి కోపం వచ్చింది. పక్కసీట్లో కూర్చున్న కో-పైలట్ అమ్మాయి కెప్టెన్‌ అయిన తనను నోరు మూసుకోమంది. ఎంత మర్యాదగా అన్నా అర్థం అదే.

హైదరాబాద్ నుంచి వచ్చిన విమానం బెంగళూరులో దిగుతోంది. మారుతి ముందురోజు క్రికెట్ మ్యాచ్ గురించి మంచి ఊపుమీద చెబుతున్నాడు. పదివేల అడుగుల కిందకు వచ్చాక, దిగడానికి పనికొచ్చే మాట తప్ప కాక్‌పిట్‌లో ఇంకోటి మాట్లాడకూడదని రూలు. ఆ అమ్మాయి పేరు హేమావతి. పదివేలకు దిగామని చెప్పి చెయ్యి అడ్డంగా పెట్టింది. మారుతి మిగతా మ్యాచ్ మింగేశాడు.

ప్రయాణికులందరూ దిగిపోయాక ఆమె బ్యాగు సర్దుకుంటూ ఇటు తిరిగింది.

"ఇప్పుడు చెప్పండి సార్, మ్యాచ్‌లో ఆమైన ఏమాయ?"

ఆ యాస విన్నాక కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. అతనిది గుంతకల్లు, రైల్వే క్వార్టర్స్. ఆమెది లేపాక్షి దగ్గర పల్లె. కలిసి డ్యూటీ పడితే ఇద్దరికీ పండగే. పైకెళ్లాక హేమావతి వాగుడుకు అంతుండేది కాదు. మారుతి మీసం నుంచి టీ తాగే చప్పుడు దాకా అన్నిటికీ పేర్లు పెట్టేది. దిగేటప్పుడు మాత్రం పదివేలు రాగానే మాట సగంలో ఆపేసేది. మిగతా సగం కోసం మారుతి ల్యాండింగ్ అయ్యేదాకా ఓపిక పట్టేవాడు. ఓపిక అతని గుణం కాదు. ప్రేమలో పడ్డానని అతనికి అలా తెలిసింది.

ఆమె గొంతు పడిపోయే సమయం ఒకటే ఉండేది. విమానం ఎక్కేముందు ఇంటికి ఫోన్ చేసి, వాన వచ్చెనా అని తండ్రిని అడిగేది. తండ్రి ఎర్రప్పకు శెనక్కాయ చేను తప్ప వేరే లోకం లేదు. రెండేళ్లుగా పంట ఎండిపోయింది. ఈ ఏడూ విత్తనం వేశాక వాన మళ్లీ మొహం చూపించలేదు. ఫోన్ పెట్టేశాక ఆమె మొహం చూడటం మారుతివల్ల అయ్యేది కాదు.

ఆగస్టులో ఒక సాయంత్రం విమానం హేమావతి నడుపుతోంది. పదివేలు దాటి కిందికి దిగుతున్నారు. మారుతివైపు కిటికీలోంచి దూరంగా నల్లటి మబ్బు, దాని కింద నేలవైపు వేలాడుతున్న ధారలు కనిపించాయి. సరిగ్గా ఆమె ఊరివైపే. రూలు అతనికి గుర్తుంది. అయినా నోరు ఆగలేదు.

"హేమా, మీ ఊర్లో వాన పడతాండాది."

ఆమె తిరిగి చూసింది. చంటిపిల్లలా నవ్వింది. ఆమె వానను చూస్తుంటే అతను ఆమెను చూశాడు. వేగం తగ్గించమని కంట్రోల్ టవర్ చెప్పిన మాట ఇద్దరికీ చెవిన పడలేదు.

తేరుకునేసరికి విమానం ఉండాల్సినదానికన్నా ఎత్తులో, ఉండాల్సినదానికన్నా వేగంగా ఉంది. హేమావతి కంగారులో దాన్ని కిందికి తొక్కింది. రన్‌వే మీదికి దూసుకొస్తుంటే హెచ్చరిక మోగింది. మారుతి గో అరౌండ్ అని అరిచాడు. ఆమె ఇంజన్ల శక్తి పెంచి, విమానాన్ని ఆఖరి క్షణంలో మళ్లీ పైకి లేపింది. రెండోసారి మామూలుగానే దిగారు. వెనక ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తలుపు ఇవతలికి వినిపించాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

దిగగానే ఆమె ఇంటికి ఫోన్ చేసింది. చేను తడిసెనా అని అడిగింది.

"యాడ తడిసెనమ్మా. మబ్బు వచ్చె, పాయె. ఒక్క చినుకు నేలకు తగల్లేదు."

ఆ వైపు మబ్బులకు అదొక పాడు అలవాటు. వాన కారుతున్నట్టే కనిపిస్తుంది, సగం దారిలోనే ఎండగాలికి ఆవిరైపోతుంది. పైలట్లకు ఇది తెలియక కాదు. ఆశపడ్డారు కాబట్టి గుర్తురాలేదు.

విమానం వెంటనే మళ్లీ డ్యూటీకి వెళ్లిపోయింది. కొత్త మాటలు ఎక్కి, కాక్‌పిట్ మాటలు పట్టే రికార్డర్‌లో పాత మాటలు చెరిగిపోయాయి. నడిపింది హేమావతి కాబట్టి తప్పు ఆమె అనుభవంలేమి మీదికే పోతుంది. మనం మాట్లాడుకున్నది ఎవరికీ తెలియదు, నీకు కొన్నాళ్లు ట్రైనింగ్ వేస్తారు, అంతే కదా అన్నాడు మారుతి. ఆమె బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

అతను గుంతకల్లు వెళ్లాడు. తండ్రి పాపన్న బతుకంతా రైలింజన్ నడిపినవాడు. డ్యూటీలో ఉంటే, కనబడిన సిగ్నల్‌ను పక్కవాడికి గట్టిగా చెప్పడం తప్ప ఇంకో మాట ఎరగడు. సంగతి విని, విమానం మొదటిసారి ఎందుకు దిగలేదని అడిగితే, గాలి అని చెప్పాడు మారుతి. పాపన్న నమ్మాడు. నమ్మాడన్నదే మారుతి తట్టుకోలేకపోయాడు. మర్నాడే కంపెనీకి వెళ్లి నిజం చెప్పాడు. కెప్టెన్ హోదా పోయింది.

అక్కడినుంచి నేరుగా ఆమె ఊరికి బస్సెక్కాడు. లీవులో ఉన్న హేమావతి ఎండిన చేనులో తండ్రితోపాటు మొక్కలు పీకుతోంది. ఎర్రప్ప కొత్త మనిషిని చూసి, నీళ్లు తెస్తానని ఇంటివైపు నడిచాడు.

"చెప్పేసినా హేమా. నేనే మాట్లాడినానని."

"నేనూ చెప్పేసినా. తిరిగి చూసినానని."

"నువ్వెందుకు చెప్పినావు?"

"చూసినా కాబట్టి."

ఆ పొద్దు వాన మాట చెప్పింది వాన కోసం కాదు, నువ్వు నవ్వుతావని అన్నాడు మారుతి. పెళ్లి చేసుకుందామన్నాడు. కావాలంటే ఈ ఉద్యోగమే మానేస్తానన్నాడు.

"నువ్వంటే నాకూ పాణమే," అందామె. "కానీ నిన్ను చూసినప్పుడంతా ఆ నేల మీదికొచ్చేది కనపడతాది. నువ్వు మానేసినా అది పోదు. నువ్వు పో."

ఎర్రప్ప నీళ్ల చెంబుతో వచ్చేసరికి మారుతి బస్సు దారి పట్టాడు. ఎర్రప్ప కాసేపు అటే చూసి, నీ కోసమే వచ్చినాడా అని కూతుర్ని అడిగాడు. ఆమె తలూపింది.

"మంచోడేనా?"

"మంచోడే నాయనా."

"అట్లయితే నేను పోయి వాళ్ల నాయనతో మాట్లాడొస్తా. నాకేం అడ్డం లేదు."

హేమావతి గట్టుమీద కూలబడి ఏడ్చింది.

"వద్దు నాయనా. ఎనక అంతమంది జనం ఉండారని మరిచిపోయి చూసుకుంటిమి మేము."

ఎర్రప్పకు సగమే అర్థమైంది. చెంబు కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు.