రెండో పిలుపు

మా బావ ఒక్క పిలుపుకే పలికేవాడు. పెళ్లయిన కొత్తలో నేను మురిసిపోయిన గుణం అదే. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని గేమ్‌లో మునిగిపోయి ఉన్నా సరే, వంటగదిలోంచి "బావా" అంటే చాలు, "ఆ… వస్తన్నాను" అనేసేవాడు. రావడం మాత్రం అన్నం చల్లారాకే.

బావ పేరు హరిబాబు. పగలంతా చోడవరంలో మోటార్లకి వైండింగ్ చేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి టీవీ ముందు గేమ్ ఆడుతూ, తర్వాత చూడబోయేవాళ్లకి కబుర్లు చెబుతూ, అదంతా లాప్‌టాప్‌లో రికార్డు చేస్తాడు. పనికిరాని ముక్కలు కత్తిరించి మా యూట్యూబ్ ఛానల్లో పెట్టేది నేను. గేమ్ చప్పుడు ఒక ట్రాకులో, మైకులోంచి బావ గొంతు ఇంకో ట్రాకులో పడతాయి. రాత్రయితే చక్కెర ఫ్యాక్టరీకెళ్లే చెరకు ట్రాక్టర్ల హోరు మైకులో పడుతుందని దీపాలవేళకే కూర్చుంటాడు. మా అత్త సన్యాసమ్మకి అదే గిట్టేది కాదు. రావికమతం నుంచి వచ్చినప్పుడల్లా కొడుక్కి చెప్పేది.

"దీపాలేల ఎవులైనా పిలిస్తే ఒక్క పిలుపుకి పలక్కురా. మనిషైతే మల్లీ పిలుస్తాడు. అది ఒక్కసారే పిలుస్తాది."

"నీ కోడలు కూడా ఒక్కసారే పిలుస్తాదమ్మా. పలక్కపోతే గరిటె ఒస్తాది" అనేవాడు బావ. ముగ్గురం నవ్వుకునేవాళ్లం.

ఈ చెరకు క్రషింగ్ సీజన్లో కొత్త గేమ్ మొదలుపెట్టాడు. పాడుబడ్డ ఆస్పత్రిలో చిక్కుకున్న మనిషి బయటికి దారి వెతుక్కోవాలి. మమ్మల్ని ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఆ వీడియోల కింద కామెంట్లు పెట్టసాగారు. ఇంక చివరి భాగం ఒక్కటే మిగిలింది.

ఆ మధ్యాహ్నం, ముందురోజు రికార్డింగు ముందేసుకుని కూర్చున్నాను. కిటికీలోంచి ఫ్యాక్టరీ మొలాసిస్ తీపి వాసన వస్తోంది. తెర మీద చీకటి వరండా. అడుగుల చప్పుడు. ఎక్కడో నీటిచుక్కలు పడుతున్నాయి.

"బావా… ఒకసారి ఇలా రా."

నా గొంతే. వెంటనే బావ, "ఆ… వస్తన్నాను. ఇదొక్కటీ అయిపోనీ" అన్నాడు.

అన్నానికి పిలిచి ఉంటాననుకుని ఆ ముక్క కత్తిరించబోయాను. కానీ నా గొంతు మైకు ట్రాకులో లేదు. గేమ్ ట్రాకులో ఉంది. పైగా నిన్న ఆ వేళకి నేను ఇంట్లోనే లేను. అనకాపల్లి నుంచి వచ్చే బస్సులో ఉన్నాను.

పలకడమే కాదు, వస్తానని మాట కూడా ఇచ్చేశాడు!

సాయంత్రం బావకి వినిపిస్తే పకపకా నవ్వాడు. "నువ్వే ఏదో ఎడిటింగు సేసి ఏడిపిస్తన్నావే."

"నీకు దండం పెడతాను బావా. ఈ గేమ్ ఆపేయ్."

"సివరి భాగం కోసం అంతమంది ఎదురు సూస్తంటే ఎలా ఆపుతానే? ఇవాళతో అయిపోద్ది."

"అయితే నీ పక్కనే కూకుంటాను. ఎవులు పిలిచినా నువ్వు పలక్కూడదు."

"నువ్వు పక్కనే ఉంటే నన్నింకెవులు పిలుస్తారు?"

ఆడాడు. నేను అతని చొక్కా కొస పట్టుకుని కూర్చున్నాను. తెర మీద వరండా చివర తలుపు కనిపించింది. దాని కిందనుంచి సన్నగా వెలుతురు. బావ తలుపు దాకా వెళ్లాడు.

కరెంటు పోయింది.

టీవీ ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. బ్యాటరీ మీద లాప్‌టాప్ ఒక్కటే రికార్డు చేస్తూ ఉంది. మొలాసిస్ వాసన లేదు… ఆస్పత్రిలోలా ఫినాయిల్ వాసన…

బావ హెడ్‌ఫోన్స్‌లోంచి సన్నగా వినిపించింది.

"బావా… ఒకసారి ఇలా రా."

నా పెదవులు మూసే ఉన్నాయి. బావ ఊపిరి పీల్చుకున్నాడు, పలకడానికి. రెండు చేతులతో అతని నోరు నొక్కేశాను.

"పలక్కు… పలక్కు బావా…"

నా అరచేతి కింద పెదవులు ఒక్కసారి కదిలి ఆగిపోయాయి.

కరెంటు వచ్చేసరికి బావ నన్నే చూస్తూ నవ్వుతున్నాడు. కావలించుకుని ఏడ్చేశాను. దక్కించుకున్నాననుకున్నాను.

మర్నాడు ఆ రికార్డింగు విన్నాను. నా మాటల కింద, నా అరచేతి కింద, బావ గొంతు నలిగి వినిపించింది.

"ఆ… వచ్చేసేను."

అప్పట్నుంచి బావ గేమ్ ముట్టలేదు. వైండింగ్ దుకాణానికి వెళ్తున్నాడు. పెట్టింది తింటున్నాడు. దీపాలవేళ మాత్రం గదిలోంచి "రేవతీ" అని పిలుస్తాడు. ప్రేమగానే పిలుస్తాడు. నేను వంటగదిలో గోడకి ఆనుకుని, ఇంకొక్కసారి పిలువు బావా అని మనసులోనే బతిమాలుకుంటాను. రెండోసారి పిలవడు.

ఇవాళ అత్తకి కబురు పెట్టి రప్పించాను. అంతా చెప్పాను. దీపం వెలిగించి ఇద్దరం వంటగదిలో కూర్చున్నాం.

"అమ్మా…" గదిలోంచి బావ గొంతు.

అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో పిలుపు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. చీకటి పడి, ఫ్యాక్టరీ వైపు నుంచి ట్రాక్టర్ల హోరు మొదలైంది. గదిలో ఏ చప్పుడూ లేదు. అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చెయ్యి వదిలేసింది.

"వద్దత్తా…"

"నా బిడ్డే" అంటూ అత్త లేచింది. "ఆ… వస్తన్నాను బాబూ."

గదిలోంచి ఫినాయిల్ వాసన వస్తోంది.